నోరులేని వారి పక్షమున

బోయవాని బాణము తగిలి నేలకొరిగిన క్రౌంచపక్షిని చూచి వాల్మీకి మహర్షి హృదయము ద్రవించెననియు, ఆ శోకమే శ్లోకమై రామాయణమునకు నాంది పలికెననియు మన పెద్దలు చెప్పుదురు. కళింగయుద్ధమున జరిగిన ప్రాణనష్టమును తలచి అశోకచక్రవర్తి పశ్చాత్తాపము పొంది, ధర్మవిజయమే నిజమైన విజయమని శిలలపై చెక్కించెను. లోకములో క్రౌర్యమును చూడనివారు లేరు. చూచి జాలిపడువారును పెక్కుమంది గలరు. కాని జాలిపడినవారిలో అధికసంఖ్యాకులు ఇల్లు చేరునప్పటికే ఆ సంగతి మరచిపోవుదురు. ఎక్కడనో ఒకరు మాత్రము మరువలేరు. చూచినది వారి కంటిలో నలుసువలె నిలిచిపోవును. వారి బ్రతుకునే మరియొక దారికి మరలించును. అట్టివారిలో అమెరికా దేశస్థుడగు హెన్రీ బెర్గ్ ఒకడు.

పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున న్యూయార్కు నగరములో హెన్రీ బెర్గ్ జన్మించెను. అతని తండ్రి క్రిస్టియన్ బెర్గ్ పేరుపొందిన ఓడల నిర్మాత. తన పనిలో నిజాయితీపరుడని అతనికి నగరములో మంచి పేరుండెను. కుమారుడు మాత్రము తండ్రి వృత్తిపై మనసు నిలుపలేదు. కొలంబియా కళాశాలలో చేరెను గాని చదువు పూర్తి చేయలేదు. 1839లో వివాహము చేసికొనెను. తండ్రి మరణానంతరము సంక్రమించిన ఆస్తి వలన జీవనమునకు లోటు లేకపోయెను. భార్యతో గూడి ఐరోపాఖండమున దేశదేశములు తిరిగెను. నాటకములు వ్రాసెను, అవి రక్తికట్టలేదు. పద్యములు వ్రాసెను, వానినెవ్వరును లెక్కచేయలేదు. మంచి దుస్తులు, మర్యాదగల నడవడి, పొడవైన విగ్రహము, వ్రేలాడు మీసములు—ఇవి తప్ప అతనిని గూర్చి చెప్పుకొనదగిన విశేషమేదియు యాబదియేండ్లు వచ్చువరకును లేకపోయెను.

ఆ సంచారకాలముననే అతడు స్పెయిన్ దేశములోని సెవిల్ నగరమున ఒకనాడు వృషభయుద్ధమును చూచెను. అందు ఎద్దులను పొడిచి చంపుదురు. ఆ కాలమున ఎద్దుల కొమ్ములకు గుఱ్ఱములు బలియగుచుండెడివి. వేలకొలది జనులు కూర్చుండి కేకలు వేయుచు, చప్పట్లు కొట్టుచు ఆ దృశ్యమును చూచి ఆనందింతురు. బెర్గ్ మనసు రోసిపోయెను. ఆ అసహ్యమును అతడు తన దినచర్యలో వ్రాసికొనెను. కాని అప్పటికి చేసినది అంతమాత్రమే. పరదేశమున పరుల వినోదమును ఆపుటకు తానెవ్వడు? అతడు లేచి వచ్చి తన యాత్రను సాగించెను.

1863లో అమెరికా అధ్యక్షుడగు అబ్రహాం లింకన్ బెర్గును రష్యాదేశపు రాజధానియైన సెయింట్ పీటర్స్‌బర్గునందలి అమెరికా రాయబార కార్యాలయమునకు కార్యదర్శిగా నియమించెను. ఉద్యోగధర్మము ననుసరించి అతడు బంగారు జరీ అల్లిన దుస్తులు ధరించి, గుఱ్ఱపుబండిలో నగరవీథులలో తిరుగుచుండెడివాడు.

ఒకనాడు అతని బండి పోవుచుండగా దారిలో ఒక దృశ్యము కంటబడెను. ఆ దేశమున ఆ కాలమున ద్రోష్కీ యను చిన్న బండ్లు ఉండెడివి. అవి మన జట్కాల వంటివి. అట్టి బండిని తోలు వాడొకడు తన గుఱ్ఱమును నిర్దయగా కొట్టుచుండెను. ఆ గుఱ్ఱమునకు తప్పుకొనుటకు దారి లేదు, మొరపెట్టుకొనుటకు నోరు లేదు. వీథిలో పోవువారు తమ దారిన తాము పోవుచుండిరి. అది వారికి దినదినము కానవచ్చునదే.

బెర్గ్ తన బండిని ఆపించెను. కొట్టుట మానుమని వానికి చెప్పుమని తన సారథితో గట్టిగా పలికెను. బండివాడు తలయెత్తి చూచెను. బంగారు జరీ, దొరతనము, రాజోద్యోగి చిహ్నములు కనబడగానే వాని చేయి దిగిపోయెను.

జరిగినది ఇంతియే. ఒక బండివాడు ఒకనాడు ఒక గుఱ్ఱమును కొట్టుట మానెను. కాని బెర్గ్ మనసులో మాత్రము గొప్ప మార్పు కలిగెను. తన జరీదుస్తులకు ఒక ప్రయోజనము ఇన్నాళ్ళకు దొరకెనని అతడు తరువాత నవ్వుచు చెప్పుకొనెడివాడు. సెవిల్ నగరమున అతడు క్రౌర్యమును చూచి తొలగిపోయెను, ఇక్కడ అడ్డుపడెను. అడ్డుపడినచో క్రౌర్యము ఆగునని అతనికి ఆనాడు తెలిసెను. తన దేశమునకు మరలిన పిమ్మట మూగజీవులను హింసించు వారిని న్యాయస్థానమునకు ఈడ్చెదనని అతడు నిశ్చయించుకొనెను.

రష్యాదేశపు చలి పడక అతడు ఆ ఉద్యోగమును విడిచెను. తిరుగుప్రయాణమున 1865లో లండను నగరమున కొంతకాలము ఆగెను. ఆ దేశమున పశువుల రక్షణకై 1822లోనే ఒక చట్టము చేయబడెను. పార్లమెంటు సభ్యుడగు రిచర్డ్ మార్టిన్ దానికి మూలపురుషుడు. 1824లో జంతుహింసానివారణ సంఘము స్థాపింపబడెను. 1840లో విక్టోరియా రాణి దానికి రాజసంఘమను గౌరవము నొసగెను. బెర్గ్ ఆ సంఘపు అధ్యక్షుడగు హారోబీ ప్రభువును కలిసికొని, సంఘము పనిచేయు విధమును శ్రద్ధగా తెలిసికొనెను. జాలి ఒకటియే చాలదనియు, జాలి వెనుక చట్టము, చట్టము వెనుక దానిని అమలుపరచు మనుష్యులు ఉండవలెననియు అతడు గ్రహించెను.

ఆ కాలమున న్యూయార్కు నగరము గుఱ్ఱముల బలముపై నడచుచుండెను. సరకులను, మనుష్యులను, చెత్తను కూడ గుఱ్ఱములే లాగుచుండెడివి. వీథులలో ఇనుపపట్టాలపై నడచు బండ్లకు రెండేసి గుఱ్ఱములను కట్టి, వానిలో ఊపిరాడనంతమంది జనమును ఎక్కించుచుండిరి. మంచు గడ్డకట్టిన దినములలో కాలుజారి పడిన గుఱ్ఱమును కొరడాతో లేపుచుండిరి. లేవలేనిదానిని వీథిలోనే విడిచి పోవుచుండిరి.

1866 ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి క్లింటన్ హాలను భవనమున బెర్గ్ ఒక సభ జరిపెను. నగరాధ్యక్షుడు మొదలుగా పెక్కుమంది ప్రముఖులు వచ్చిరి. మూగజీవుల రక్షణకు కక్షిభేదములు లేవనియు, ఇది దయకు, న్యాయమునకు సంబంధించిన విషయమనియు అతడు ఉపన్యసించెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన అమెరికా జంతుహింసానివారణ సంఘమునకు న్యూయార్కు రాష్ట్ర శాసనసభ అధికారపత్రము నొసగెను. తొమ్మిది దినములు గడచిన పిమ్మట జంతువులను హింసించుట నేరమని చట్టము వెలువడెను. ఆ చట్టమును అమలుపరచు అధికారము సంఘమునకు లభించెను. నేలబడిన గుఱ్ఱమును బండివాని దెబ్బలనుండి కాపాడు దేవదూత బొమ్మను సంఘము తన ముద్రగా స్వీకరించెను.

బెర్గ్ ఆ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. జీతము పుచ్చుకొనలేదు. పొడవైన కోటు, ఎత్తైన టోపీ ధరించి, చేతికఱ్ఱ పట్టుకొని అతడు ప్రతిదినము వీథులు తిరుగుచుండెడివాడు. అధికభారముతో కదలలేక నిలిచిన బండిని చూచినచో నడివీథిలో నిలిచి చేయెత్తి దానిని ఆపుచుండెను. పట్టాలబండి క్రిక్కిరిసియున్నచో ప్రయాణికులను దింపివేయుచుండెను. వెనుక బండ్లు బారులు తీరి నిలిచిపోయెడివి; జనులు విసుగుకొనెడివారు; బండివారు తిట్టెడివారు. అతడు చలించెడివాడు కాడు.

సంఘము పెట్టిన తొలి అభియోగములలో ఒకటి కసాయివాని పైనిది. అతడు లేగదూడల కాళ్ళు కట్టి, బండిలో ఒకదానిపై నొకటిగా పడవైచి తీసికొనిపోవుచుండెను. న్యాయస్థానము అతనికి పది డాలర్ల జరిమానా విధించెను. అన్ని వ్యాజ్యములును అట్లు గెలువలేదు. అదే సంవత్సరమున రేవులో ఆగిన ఒక ఓడలో సముద్రపు తాబేళ్ళను వెల్లకిల వేసి, వాని రెక్కలకు కంతలు పొడిచి త్రాళ్ళతో కట్టియుంచిరి. బెర్గ్ ఆ ఓడ నాయకునిపై అభియోగము తెచ్చెను. తాబేలు జంతువేనా యను ప్రశ్న న్యాయస్థానమున పుట్టెను! న్యాయాధిపతి అభియోగమును కొట్టివేసెను. లూయీ అగాసీ యను సుప్రసిద్ధ ప్రకృతిశాస్త్రజ్ఞుడు తాబేలు పక్షమున బెర్గును సమర్థించుచు లేఖ వ్రాసెను. అయినను నగరమంతయు నవ్వెను. పత్రికలు వ్యంగ్యచిత్రములు ప్రకటించెను. పరుల పనులలో తలదూర్చుటయే అతనికి పనియని ఎగతాళి పేర్లు పెట్టెను.

బెర్గ్ ఆ నవ్వులకు చిన్నబోలేదు. ఓడిన వ్యాజ్యము వలన కూడ తనకు లాభమే కలిగెనని అతడు తలచెను. అంతకుముందు సంఘము పేరు విననివారు సయితము ఇప్పుడు వినిరి. నవ్వుటకై పత్రిక చదివినవాడు తాబేలు బాధను గూర్చి ఒక్కక్షణమైనను ఆలోచింపక తప్పలేదు.

అతని పోరాటములు నానావిధములు. కుక్కలకు కుక్కలకు, కుక్కలకు ఎలుకలకు పోట్లాటలు పెట్టి పందెములు కాయు స్థలములు నగరమున ఉండెను. 1870లో వాటర్ వీథిలోని అట్టి స్థలముపై సంఘము ఉద్యోగులు పోలీసులతో గూడి దాడిచేసిరి. బ్రతికియున్న పావురములను ఎగురవిడిచి తుపాకులతో కాల్చు వినోదమును బెర్గ్ నిరసించెను. గాయపడిన గుఱ్ఱములను మోసికొనిపోవుటకు సంఘము ప్రత్యేకమైన బండిని ఏర్పాటు చేసెను. గోతులలో పడిన గుఱ్ఱములను పైకి లేవనెత్తు పట్టీల సాధనమును వాడుకలోనికి తెచ్చెను. వీథులలో పశువులు నీరు త్రాగుటకు తొట్లు కట్టించెను.

1872 శరదృతువున ఉత్తర అమెరికాలోని గుఱ్ఱములకు తీవ్రమైన దగ్గు, జ్వరము అంటుకొనెను. నగరములలో రాకపోకలు నిలిచిపోయెను. సరకులు రేవులలోను, రైలు స్టేషన్లలోను పడియుండెను. కొన్నిచోట్ల ఎద్దులను, కొన్నిచోట్ల మనుష్యులనే బండ్లకు కట్టవలసివచ్చెను. ఆ సంవత్సరము నవంబరులో బోస్టన్ నగరమున గొప్ప అగ్నిప్రమాదము జరిగినప్పుడు నీటియంత్రములను మనుష్యులే లాగుకొనిపోయిరి. జబ్బుపడిన గుఱ్ఱములనే బండ్లకు కట్టి నడుపజూచిన యజమానులను బెర్గ్ న్యూయార్కు వీథులలో నిలిచి అడ్డగించెను. అంతవరకు అతనిని చూచి నవ్వినవారికి తమ నిత్యజీవనము ఎవరి వీపుపై నిలిచియున్నదో ఆ కొలదివారములలో అవగతమయ్యెను.

బెర్గ్ దోషరహితుడని చెప్పరాదు. అతడు ముక్కోపి. భార్యలను కొట్టు పురుషులను కొరడాతో దండింపవలెనని వాదించుచుండెను. కొరడాను చూచి జాలిపడిన వ్యక్తియే కొరడాను కోరుట వింతగా తోచును. మరియొక వింత యేమనగా, అతడు పెంపుడు జంతువులపై ప్రత్యేకమైన మమకారము గలవాడు కాడందురు. తనకు ముద్దు వచ్చినదానిని కాపాడుట అతని ఉద్దేశము కాదు. నోరులేనిదానికి న్యాయము జరుగవలెననుటయే అతని పట్టుదల. ఆ పట్టుదలకే మరియొక పరీక్ష త్వరలో వచ్చెను.

ఎట్టా వీలర్ అను స్త్రీ క్రైస్తవ సేవాసంఘము తరఫున న్యూయార్కులోని బీదల ఇండ్లను దర్శించుచు, రోగులకు ఊరట కలిగించుచుండెను. 1873 సంవత్సరాంతమున ఆమె ఒక సంగతి వినెను. ఒక ఇంటిలో మేరీ ఎలెన్ అను చిన్నపిల్ల కలదు. ఆ పిల్ల తండ్రి చనిపోయెను, తల్లి పోషింపలేకపోయెను. నగర ధర్మాదాయశాఖ ద్వారా ఆమె ఒక దంపతుల చేతిలో పడెను. పెంపుడుతల్లి ఆమెను దినదినము కొట్టుచు, గదిలో పెట్టి తాళము వేసి పోవుచుండెను. గోడల నడుమనుండి వచ్చు ఏడుపు ఇరుగుపొరుగు వారికి వినబడుచుండెను.

వీలర్ ఒక నెపము కల్పించుకొని ఆ ఇంటిలోనికి పోయెను. చలికాలమున పలుచని చొక్కాతో, వట్టికాళ్ళతో పిల్ల గిన్నెలు కడుగుచుండెను. బల్లపై తోలుకొరడా కలదు. పిల్ల చేతులపైనను, కాళ్ళపైనను వాతలు తేలియుండెను. ఆమెకు తొమ్మిదేండ్లు దాటియున్నను ఐదారేండ్ల పిల్లవలె కృశించియుండెను. ఆ చిన్నముఖమున సంతోషపు జాడయే లేదని వీలర్ తరువాత తెలిపెను.

వీలర్ ఆ దృశ్యమును మరువలేకపోయెను. ఆమె పోలీసులకు చెప్పెను. సాక్ష్యము లేనిదే జోక్యము చేసికొనజాలమని వారనిరి. ధర్మసంస్థల వారిని అడిగెను. చట్టప్రకారము తమ యొద్దకు తెచ్చినచో పిల్లను చేర్చుకొందుమని వారు చెప్పిరి. పిల్లలను కొట్టుట తప్పని చెప్పు చట్టములు లేకపోలేదు. కాని ఇంటితలుపు దాటి లోనికి పోయి, పిల్లను విడిపించుట తన బాధ్యతయని తలచు సంస్థ ఒక్కటియు లేకపోయెను. నెలలు గడచెను. ఆ మూగజీవుల పెద్దమనిషిని ఏల అడుగరాదని వీలరుతో ఆమె బంధువులలోని ఒక బాలిక అనెను.

వీలర్ బెర్గు యొద్దకు పోయెను. బెర్గ్ ఆమె మాటలను ఓపికతో వినెను. నిర్ధారణమైన సాక్ష్యము కావలెననియు, చూచినదంతయు వ్రాసి పంపవలెననియు కోరెను. ఆమె వ్రాసి పంపెను. అతడు తన మనుష్యులచే విచారింపజేసి, సంఘపు న్యాయవాదియగు ఎల్‌బ్రిడ్జ్ గెరీకి ఆ పని అప్పగించెను. పిల్లయు ఒక జంతువే గనుక జంతువుల చట్టము క్రింద రక్షింపుడని బెర్గ్ వాదించెనని ఒక కథ లోకమున వ్యాపించినది. అది నిజము కాదు. అక్రమనిర్బంధమునుండి మనుష్యులను విడిపించుటకై ఉన్న చట్టములోని ఒక నిబంధనను గెరీ వెదకి పట్టుకొనెను. తాను సంఘాధ్యక్షుడుగా గాక, సామాన్య పౌరుడుగా ఈ పనికి పూనుకొంటినని బెర్గ్ స్పష్టముగా చెప్పెను.

1874 ఏప్రిల్ 9వ తేదీన న్యాయమూర్తి లారెన్సు ఎదుటికి పిల్లను తెచ్చిరి. ఒంటిపై తగిన వస్త్రము లేనందున బండిలోని కంబళిని చుట్టి ఎత్తుకొనివచ్చిరి. కత్తెరతో కొట్టిన గాయము ఆమె ముఖమున నుదుటినుండి చెంపవరకు స్పష్టముగా కనబడుచుండెను. తనను దాదాపు ప్రతిదినము కొట్టుచుండిరనియు, బయటికి పోనిచ్చెడివారు కారనియు, ఎవరైనను తనను ముద్దుపెట్టుకొనినట్లు జ్ఞాపకము లేదనియు ఆ పిల్ల చెప్పెను. ఆ మాటలు విని న్యాయస్థానమున కన్నీరు పెట్టనివారు అరుదు. పెంపుడుతల్లికి ఒక సంవత్సరము కఠినశిక్ష పడెను.

కొంతకాలము తరువాత మేరీ ఎలెనును వీలర్ తన వారి యింటికి పంపెను. న్యూయార్కు రాష్ట్రములోని పల్లెపట్టున, చెట్లనడుమ, పచ్చికపై, మొదట వీలర్ తల్లియు, ఆమె మరణానంతరము వీలర్ చెల్లెలును ఆ పిల్లను పెంచిరి. ఆమె పెరిగి పెద్దదై 1888లో వివాహము చేసికొనెను. ఇద్దరు కుమార్తెలకు తల్లియయ్యెను. వారిలో ఒకతెకు ఎట్టా యని పేరుపెట్టెను. తొంబదియేండ్లు దాటి జీవించి 1956లో కన్నుమూసెను.

ఒక పిల్ల రక్షింపబడెను. తక్కిన పిల్లల గతి యేమి? ఆ ప్రశ్నను వీలరే బెర్గుకు వేసెను. జంతువులకు సంఘమున్నప్పుడు పిల్లలకు ఏల ఉండరాదు? 1874 డిసెంబరులో గెరీ, బెర్గ్, జాన్ రైట్ అనువారు కలిసి బాలహింసానివారణ సంఘమును న్యూయార్కులో స్థాపించిరి. లోకమున అట్టి సంఘములలో అదియే మొదటిది. 1883లో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమునను, మరుసటి యేడు లండను నగరమునను అట్టి సంఘములు వెలసెను. ఒక గుఱ్ఱపు వీపుపై పడిన దెబ్బను చూచి కదలిన హృదయము, ఈ విధముగా పదియేండ్లు దాటిన పిదప, పసిబిడ్డల వీపులపై పడు దెబ్బలకు అడ్డునిలిచెను. మనుష్యులే బాధపడుచుండగా పశువులను గూర్చి చింత యేలయని బెర్గును ఆక్షేపించిన వారికి ఇంతకంటె వేరు సమాధానము అక్కరలేదు. దయ ఒకచోట ఖర్చయినచో మరియొకచోట తఱుగు ధనము కాదు. ఒకచోట అలవడినచో అన్నిచోట్ల పనికివచ్చు గుణము.

1888 మార్చి 12వ తేదీన హెన్రీ బెర్గ్ మరణించెను. ఆనాడు న్యూయార్కు నగరము చరిత్రలో మరుపురాని మంచుతుపానులో మునిగియుండెను. అతడు పని ప్రారంభించినప్పుడు నవ్విన దేశమున, అతడు మరణించునాటికి చాల రాష్ట్రములు జంతుహింసానివారణ చట్టములను చేసికొనియుండెను. ఒకప్పుడు జంతుప్రదర్శనశాలలోని పాములకు ప్రాణమున్న కుందేళ్ళను ఆహారముగా వేయు విషయమున అతనితో తగవులాడిన బార్నమ్ అను ప్రదర్శకుడు కూడ తరువాత అతనిని అభిమానించినవారిలో చేరెను.

బెర్గువలెనే క్రౌర్యము చూచి కదలినవారు మరికొందరు కలరు. 1868 ఫిబ్రవరి 22వ తేదీన మాసచూసెట్స్ రాష్ట్రమున రెండు గుఱ్ఱములను నలువదిమైళ్ళ దూరము పందెము పరుగెత్తించిరి. రెండును మరణించెను. ఆ వార్త చదివిన జార్జి ఏంజెల్ అను న్యాయవాది ఆ రాష్ట్రమున సంఘమును స్థాపించి, పాఠశాలలలో పిల్లలకు భూతదయను బోధించుటకు జీవితమును వినియోగించెను. మనదేశమున కలకత్తా నగరములో కోల్స్‌వర్దీ గ్రాంట్ అను చిత్రకారుడు, అమెరికా సంఘమునకు ఐదేండ్లు ముందుగానే, 1861లో జంతుహింసానివారణ సంఘమును ప్రారంభించెను. స్వాతంత్ర్యానంతరము రాజ్యసభ సభ్యురాలగు రుక్మిణీదేవి అరండేల్ ఈ విషయమున పట్టుదలతో కృషి చేసెను. 1960లో జంతుహింసానివారణ చట్టము వచ్చెను. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలయ్యెను. ప్రాణులయెడ కరుణ కలిగియుండుట పౌరుని ప్రాథమిక కర్తవ్యములలో ఒకటిగా 1976లో మన రాజ్యాంగమున చేర్పబడెను.

క్రౌర్యమును చూచినంతనే మనుష్యుడు మారడు. సెయింట్ పీటర్స్‌బర్గు వీథిలో ఆ గుఱ్ఱమును చూచినవారు బెర్గు ఒక్కడే కాదు. మేరీ ఎలెన్ ఏడుపు విన్నది వీలరు ఒక్కతెయే కాదు. తక్కినవారికిని కన్నులు, చెవులు కలవు. వారు తమది కాని పనియని తొలగిరి. వీరు తమ పనియేయని నిలిచిరి. బెర్గునకు ఆనాడు జరీదుస్తులుండెను, అధికారముండెను. వీలరుకు అవి లేవు. తలుపు తరువాత తలుపు తట్టు ఓర్పు మాత్రమే యుండెను. కనుక అడ్డుపడుటకు హోదా అవసరము లేదు. బరువుమీరిన బండిని ఈడ్చలేక ముంగాళ్ళపై కూలబడిన ఎద్దు, రాళ్ళు రువ్వబడు వీథికుక్క, తోటిపిల్లల వేధింపునకు గుఱియై మూలనిలిచిన విద్యార్థి—ఇట్టివి ప్రతి ఊరిలోను కానవచ్చును. ఆ దారిన పోవువాడు ఒక్కక్షణము ఆగునా, ఆగడా యను దానిపైననే ఆ ప్రాణి గతియే గాక, కొన్నివేళల ఆ మనుష్యుని జీవితగతియు ఆధారపడియుండును.

ప్రశ్నలు

1. సెవిల్ నగరమున చూచిన దృశ్యమునకును, సెయింట్ పీటర్స్‌బర్గున చూచిన దృశ్యమునకును బెర్గ్ ప్రవర్తనలో కలిగిన భేదమెట్టిది?
2. తాబేళ్ళ వ్యాజ్యమున ఓడిపోయినను తనకు లాభమే కలిగెనని బెర్గ్ ఏల తలచెను?
3. మేరీ ఎలెనును విడిపించుటకు వీలర్ పడిన కష్టములను వివరింపుడు.
4. మేరీ ఎలెన్ విషయమున లోకమున వ్యాపించిన కథ ఏది? నిజముగా జరిగినదేమి?
5. “దయ ఖర్చయిన కొలది తఱుగు ధనము కాదు”—ఈ భావమును మీరెరిగిన ఒక సంఘటనతో సమర్థింపుడు.